బ్యాకప్‌లో పసుపు రంగు

మా వదిన ఫోన్ లైనింగ్ గుడ్డలు నానబెట్టిన బకెట్లో పడింది. కుట్టాక ముడుచుకోకూడదని లైనింగ్‌ను ముందే నానబెడతారు. ఫోన్‌కు అలాంటి అవసరమేమీ లేదు. బియ్యంలో పెట్టాం, ఎండలో పెట్టాం. అది తన నిర్ణయం మార్చుకోలేదు.

హనుమకొండలో మా ఇంటి ముందు గదిలో వదిన బ్లౌజులు కుడుతుంది. కొలతలన్నీ ఫోన్‌లో ఒక నోట్స్ యాప్‌లో రాసుకుంటుంది. రోజూ రాత్రి అవి వాటంతటవే నా లాప్‌టాప్‌లోకి వచ్చేలా ఏర్పాటు చేసింది నేనే. మడికొండలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాడు ఇంట్లో ఉన్నందుకు ఆ మాత్రం లాభం ఉండాలి కదా. ‘బ్యాకప్ విజయవంతం’ అని ప్రతి ఉదయం మెసేజ్ వచ్చేది. చదివి సంతోషించేవాడిని. ఫైలు మాత్రం ఎప్పుడూ తెరవలేదు.

“జర జల్ది చూడు,” అంది వదిన. “నర్సంపేట పెద్దమ్మ రేపు పొద్దుగాల వస్తది. బిడ్డ పెండ్లికి కట్టుకునే పట్టుచీర. దాంట్ల బ్లౌజు ముక్క ఒక్కటే. తప్పు కోస్తే ఇంకోటి యాడికెళ్లి తేవాలె?”

పెద్దమ్మ చుట్టం కాదు, పాత కస్టమర్. ఫైలు తెరిచాను. మొత్తం ఒకటే వరుస. తెలుగు అక్షరం ఒక్కటీ లేదు. ప్రతి అక్షరం స్థానంలో ఒక ఏటవాలు గీత, దాని పక్కన ఏవో ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు.

వదిన తొంగి చూసింది. “ఇదేంది, కరెంటు బిల్లా?”

“నీ కొలతలే, వదినా.”

“గివి నా కొలతలైతే నేను టైలర్‌నే కాదు.”

భయపడాల్సిన చోట నాకు ఆసక్తి పుట్టింది. మా వృత్తిలో ఇదొక జబ్బు. కంప్యూటర్ ఒక్కో తెలుగు అక్షరానికి పెట్టుకున్న గుర్తులవి. చిన్న ప్రోగ్రాం రాస్తే అక్షరాలు తిరిగొచ్చాయి, మనిషికో పేజీ చొప్పున. ఛాతీ, నడుము, చేతి పొడవు, మెడ. వదిన చదువుకుంటూ పోయింది, కత్తెర తీసింది, ఆగింది.

“రంగేది?”

“ఏ రంగు?”

“పేజీ రంగు. ఒక్కోదానికి ఒక్కో రంగు పెడ్త కదా.”

ఇన్నాళ్లూ అందం కోసమనుకున్నాను. కాదట. టేపు చుట్టగానే కొందరు ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాగుతారు. ఆ కొలతతో కుడితే బ్లౌజు పెళ్లి భోజనాల దాకా ఆగదు. ఆ సంగతి రాసుకుందామంటే కస్టమర్లు స్క్రీన్‌లోకి చూస్తారు. అందుకే వాళ్ల పేజీకి పసుపు రంగు పెట్టి, కోసేటప్పుడు గుడ్డ కాస్త ఎక్కువ వదులుతుంది. నిజాయితీగా ఊపిరి తీసుకునేవాళ్లకు ఆకుపచ్చ.

“అందరికీ ఎక్కువే వదిలితే పోదా?”

“గుంజుకోనోళ్లకు వదిలితే సంచి లెక్క ఉంటది.”

“అయితే ఫోన్ చేసి అడుగు.”

“ఏమని? పెద్దమ్మా, కొలిచినప్పుడు పొట్ట గుంజుకున్నవా అనా?”

మళ్లీ పాత ఫైలు దగ్గరికే వెళ్లాను. నా ప్రోగ్రాం మాటలను మాత్రమే తీసుకుని మిగతాదంతా చెత్త కింద వదిలేసింది. ఆ చెత్తలో ప్రతి పేజీకీ ఇంగ్లిష్‌లో రంగు అనే మాట, పక్కన ఒక అంకె ఉన్నాయి. పెద్దమ్మది నాలుగు. కొందరిది రెండు. ఏది పసుపో ఫైలు చెప్పదు.

“అత్తమ్మది ఎంతుంది?” అంది వదిన, గొంతు తగ్గించి. మా అమ్మ లోపలి గదిలో చిక్కుడుకాయలు తుంచుతోంది.

“నాలుగు.”

“ఐతే నాలుగే పసుపు.”

అయినా పట్టుగుడ్డ కదా, ఊహ మీద కోయలేం. నా ఫోన్‌లో అదే యాప్ వేసి బ్యాకప్ ఎక్కించాను. నేను ముచ్చటగా విడదీసిన పేజీలను యాప్ ముట్టుకోలేదు. ఎవరికీ అర్థంకాని ఆ ఒక్క వరుసను మాత్రం గుటుక్కున మింగింది. పెద్దమ్మ పేజీ పసుపుగా తెరుచుకుంది. ఆ రోజు నుంచి రెండూ దాస్తున్నాను, ఒకటి యాప్ కోసం, ఒకటి మనుషుల కోసం. మనుషుల పేజీలో మొదటి మాట రంగు పేరే. అప్పుడప్పుడు ఇంట్లో పడున్న నా పాత ఫోన్‌లోకి ఎక్కించి చూశాకే పొద్దుటి మెసేజ్‌ను నమ్ముతున్నాను.

పసుపు చూశాక వదిన ఆ గుడ్డ మీద సుద్దగీత కాస్త బయటికి జరిపి కోసింది.

తెల్లారి పెద్దమ్మ బ్లౌజు తొడుక్కుని అద్దం ముందు నిలబడింది. నిండుగా ఊపిరి తీసుకుని వదిలింది. హుక్కులు కదల్లేదు.

“మంచిగ కుదిరింది బిడ్డా. పోయినసారి కొలతేనా?”

“గదే కొలత, పెద్దమ్మా,” అంది వదిన, చేతి దగ్గర మిగిలిన దారం తెంపుతూ.