పదకొండు నామాలు

మా తెలుగు అయ్యవారు పోయిన శుక్రవారం ఉదయం తిరుపతిలో తన ఇంట్లోనే చనిపోయారు. ఫోను చేసింది ఆయన భార్య. “మీ అయ్యవారు లేరప్పా. నిద్రలోనే పోయినారు” అన్నారు. ఎన్ని గంటలకని అడిగాను. విలేకరి వృత్తి అలవాటు. ఆమె చెప్పారు.

బడిలో ఆయన నాకు మూడేళ్లు పాఠం చెప్పారు. నేను పత్రికలో చేరాక నా వార్తలు ఎర్ర పెన్నుతో దిద్ది పెట్టుకొని, ఆదివారం వెళితే చేతికిచ్చేవారు. ఒకసారి ‘ఘోర ప్రమాదం’లో ‘ఘోర’ను కొట్టేశారు. “ఐదుగురు పోయినారని కిందనే రాసినావు గదా నాయనా. ఘోరమని మళ్లా నువ్వు చెప్పాల్నా?” ఆయన పదే పదే చెప్పిన మాట ఇంకొకటుంది: “అనుకొని రాయొద్దు. అడిగి రాయి.”

నిరుడు ఆయనకు గొంతు క్యాన్సర్ అని తేలింది. వారానికి ఐదు రోజులు రేడియేషన్. మూడో వారానికి మెడ చర్మం ఎర్రబడి, నల్లగా కమలడం మొదలైంది. అది చిట్లి పుండైతే చికిత్స మధ్యలో ఆపాల్సి వస్తుందని, ఆపితే గడ్డ మళ్లీ పుంజుకోవచ్చని డాక్టరు హెచ్చరించారు. మా భయమంతా అదే. చర్మాన్ని కాపాడుకోవడానికి కాంతి చికిత్స కూడా చేయించమని రేణిగుంట రోడ్డులోని ఒక క్లినిక్‌కు పంపారు.

ఆ చికిత్స క్యాన్సర్‌ను తగ్గించదు. ఎర్రటి కాంతినిచ్చే చిన్న పరికరాన్ని కమిలిన చోట కొన్ని నిమిషాలు ఉంచుతారు. వేడి తగలదు, నొప్పి ఉండదు. చర్మం కోలుకోవడానికి సాయపడుతుంది. అందరికీ ఒకేలా పనిచేస్తుందని మాకు ఎవరూ హామీ ఇవ్వలేదు.

వారానికి మూడుసార్లు నా కారులో తీసుకెళ్లేవాణ్ణి. రెండు వారాలు గడిచినా మంట తగ్గలేదు. కాంతి పెట్టే నర్సుది చిత్తూరు దగ్గర పల్లె. మెడలో చిన్న సిలువ ఉండేది. ఒకరోజు ఆమె అయ్యవారి మెడ మడతల్లోకి వంగి చూసింది.

“ఏంది స్వామీ ఇది, తెల్లంగా ఉండాది?”

అయ్యవారు చేత్తో మెడ కప్పుకోబోయారు.

ఆయనది వైష్ణవ కుటుంబం. ఉపనయనం నాటి నుంచి రోజూ స్నానం కాగానే తిరుమణి అనే తెల్లమట్టిని తడిపి, ఒంటి మీద పన్నెండు చోట్ల నామాలు పెట్టుకునేవారు. ఒక్కో నామం పెట్టేటప్పుడు దేవుడి పేరు ఒక్కొక్కటి చెప్పుకోవాలి. కంఠం దగ్గర చెప్పేది గోవిందనామం. మెడకు ఏమీ పూయొద్దని ఆసుపత్రిలో మొదటి రోజే చెప్పారు. ఆయన దానికొక దారి వెతుక్కున్నారు.

“పొద్దున పన్నెండు నామాలూ పెట్టుకుంటానమ్మా. కంఠం మీదిది వచ్చే ముందర తుడిచేస్తాను.”

“దేంతో తుడస్తారు?”

“పొడి తుండుతో. బాగానే రుద్దుతాను, మట్టి మిగలకుండా.”

“అయ్యో దేవుడా! నేను ఈడ వెలుతురు పెడతా ఉంటే మీరు ఇంటికాడ తోలు గీకతా ఉండారా?” ఆమె చేతిలోని పరికరాన్ని పక్కన పెట్టింది. “పదకొండే పెట్టుకోండి స్వామీ. మీ దేవుడు అడిగితే నా పేరు సెప్పండి.”

“నీ పేరేందమ్మా?”

ఆమె చెప్పింది. ఆయన దాన్ని రెండుసార్లు పలికి గుర్తుపెట్టుకున్నారు.

అప్పటికే ఆలస్యమైంది. ఆ వారమే చర్మం చిట్లింది. రేడియేషన్ పది రోజులు ఆపేశారు. ఆయన తుండు మీద తెల్లటి మరకలను నేను కారులో చాలాసార్లు చూశాను. నుదుటి నామం అంటుకుని ఉంటుందని అనుకున్నాను. అడగలేదు.

ఆ తర్వాత ఆయన కంఠానికి మట్టి తాకనివ్వలేదు. కాంతి చికిత్స, మందులు, విశ్రాంతి. వీటిలో దేనివల్లనో, అన్నిటివల్లనో పుండు మానింది. మిగిలిన రేడియేషన్ పూర్తయింది. ఐదు నెలలకు జబ్బు తిరగబెట్టింది. ఆ పది రోజుల విరామమే కారణమా అని డాక్టరును అడిగాను. చెప్పలేమన్నారు. కాబట్టి నేనూ చెప్పను. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

ఒకసారి అయ్యవారితోనే అన్నాను, ఆ తుండు సంగతి నేను ముందే అడిగి ఉండాల్సిందని. అప్పటికి గొంతు పోయింది, గుసగుసే. “నువ్వడిగినా నిజం చెప్పి ఉండను లేరా” అని నవ్వారు. నన్ను ఓదార్చడానికే అన్నారేమో తెలియదు.

ఆయన్ను చివరిసారి చూసింది చనిపోవడానికి రెండు వారాల ముందు. పొద్దున్నే వెళ్లాను. గోడకు ఆనుకుని కూర్చుని నామాలు పెట్టుకుంటున్నారు. భార్య అద్దం పట్టుకున్నారు. నుదురు, పొట్ట, రొమ్ము అయ్యాయి. తడి తిరుమణి అంటిన వేలు కంఠం ముందుకొచ్చి, చర్మానికి రవ్వంత దూరంలో గాలిలోనే ఆగింది. పెదవులు కదిలాయి. శబ్దం రాలేదు. పేరు పూర్తయ్యేదాకా ఆ వేలు అక్కడే ఉంది. దాని చివరి నుంచి ఒక తెల్లటి చుక్క జారి పంచె మీద పడింది.