దురాయి ఎత్తిన రోజు

ఫోటోలో ఉన్న చెట్టు మొదలు నా నడుమంత లావుంది. నన్ను చూసినవాళ్లకు అదెంత లావో విడిగా చెప్పనక్కర్లేదు. కింద మాత్రం ‘మూడేళ్ల కిందట నాటిన మడ మొక్కలు’ అని రాసి ఉంది. నెల్లూరు కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన దాన్ని, నాకే చెవిలో పువ్వు పెడతారా అని ఒళ్లు మండిపోయింది. ఈ ప్రయాణానికి మొదలు ఆ మంటే.

సంగతి ఇది. జువ్వలదిన్నె దాటాక ఒక రొయ్యల ఫ్యాక్టరీ తన పొట్లాల మీద కార్బన్ న్యూట్రల్ ముద్ర వేసుకుంటోంది. తను వదిలే పొగకు సరిపడా మడ మొక్కలు పెంచి చెల్లుకు చెల్లు చేస్తున్నానని దాని మాట. ముద్ర ఇచ్చే సంస్థ తన మనుషుల్ని పంపి తనిఖీ చేయిస్తుంది, ఆ ఫోటో వాళ్లు తీసిందే. ఆ తనిఖీ సక్రమంగా జరిగిందా లేదా చూడటానికి, ఇటు ఫ్యాక్టరీకీ అటు సంస్థకీ ఏమీ కాని నిపుణులం ముగ్గురం ఉన్నాం. ఫోటో అబద్ధమైతే ఫ్యాక్టరీకి పోయేది ముద్ర ఒక్కటే. ఫ్యాక్టరీ తరఫున మొక్కలు నాటిన జాలరి పాళెం ఆడవాళ్లకు మాత్రం దొంగలన్న పేరు మిగిలిపోతుంది.

ఏసీ కారు పంపిస్తామని ఫ్యాక్టరీవాళ్లు ఫోన్ చేశారు. వాళ్ల కారెక్కి వాళ్లనే తప్పుపట్టడం నా వల్ల కాదు కాబట్టి వద్దన్నాను. మీరూ రైల్లోనే వెళ్లండి, బాగుంటుంది. నెల్లూరు నుంచి పొద్దున ప్యాసింజరెక్కితే ముప్పావు గంటలో బిట్రగుంట. టిక్కెట్టు ఒక టిఫిన్ ఖర్చుకు మించదు. స్టేషన్ బయట ఆటో రానూపోనూ ఏడు వందలకు మాట్లాడుకున్నాను. డ్రైవరు సుబ్బరాయుడు దారంతా నోరు మూస్తే ఒట్టు.

“మడ చెట్లు చూసేదానికా మేడమ్? దాంట్లో చూసేదానికి ఏముండాది? బురద!” అన్నాడు.

“ఆ బురదలో దొంగలున్నారేమో చూద్దామని,” అన్నాను.

“అయితే నేను ఆటోలోనే ఉంటాలే,” అని హారన్ కొట్టాడు.

ఉప్పుటేటి ఒడ్డున పాళెం చేరేసరికి తొమ్మిదైంది. వేట నిషేధం రోజులు కావడంతో పడవలన్నీ ఇసుక మీద ఉన్నాయి, మగవాళ్లు పందిళ్ల కింద వలలు బాగుచేసుకుంటున్నారు. మొక్కలు నాటిన సంఘానికి పెద్ద కావేరమ్మ. యాభై ఏళ్లుంటాయి, గొంతు మాత్రం అవతలి ఒడ్డుకు వినబడుతుంది. పలకరింపులు కూడా లేకుండా ఫోటో ఆమె చేతిలో పెట్టాను.

ఆమె బెదరలేదు. “ఇది మా తాతల నాటి మడ గదా!” అంది.

దొంగను పట్టుకుందామని వస్తే దొంగ ఎదురొచ్చి పేరు చెప్పినట్లుంది. “మరి కొత్త మొక్కలని ఎందుకు చూపించారమ్మా?”

“యాడ చూపిచ్చేది? కొత్తవాటి మీద దురాయి ఉండాది. నాటిన దినమే ఊరంతా కూడి పెట్టినాం. మనిషి పోరాదు, గేదె పోరాదు, వల పడరాదు. దాన్ని ఎత్తాలంటే పెద్దలు కూడాల. ఆ సార్లు వచ్చిన పొద్దు మగోళ్లంతా వేటకి పోయినారు. అంత దూరం నుంచి ఎండన పడి వచ్చినోళ్లని ఊరికే పంపిస్తే బాగుంటదా అని, పక్కనుండే పాత మడ చూపిచ్చినాం. వాళ్లూ ఏమీ అడగలా. ఫోటోలు పట్టుకోని పోయినారు.”

నవ్వాలో తిట్టాలో తెలియలేదు. ఇంటికొచ్చినవాళ్లను ఉత్తచేతులతో పంపకూడదన్న మర్యాద ఇంత పని చేసింది. ముదురు చెట్టుకూ మొక్కకూ తేడా తెలియని తనిఖీదారుల మీద మాత్రం నాకు నిజంగానే కోపం వచ్చింది.

“అయితే అసలువి బతికున్నాయా?” అన్నాను.

కావేరమ్మ గొంతు తగ్గింది. “ఉండాయనే అనుకుంటా ఉండాం. మూడేళ్లయింది మేడమ్, మాలో ఎవురూ చూడలా.”

ఆమె పరువంతా తన కంటితో తనే చూడని మొక్కల మీద ఆధారపడి ఉంది.

చూడక తప్పదన్నాను, పెద్దలు కూడారు. నా ఒక్కదానికోసం దురాయి ఎత్తితే చాలనుకున్నాను. తెల్లమీసాల పెద్దాయన ఒప్పుకోలేదు. “ఒకరికి ఎత్తేది, ఒకరికి ఉంచేది లేదు. ఎత్తితే ఊరంతటికీ ఎత్తాల. ఈ పాటుకి, నీళ్లు తీసుండగానే పోయి, పోటు రాక ముందే వచ్చేయాల.” డప్పు మోగింది. ఇక చూడండి, పిల్లల్ని చంకనేసుకున్న తల్లులు, కర్ర పట్టుకున్న ముసలమ్మలు, సగం అల్లిన వలలు వదిలేసిన మగవాళ్లు, అందరూ నీళ్లు తీసిన ఏటి వెంట బయల్దేరారు. ఆటోలోనే ఉంటానన్న సుబ్బరాయుడు ప్యాంటు మడిచి అందరికంటే ముందున్నాడు!

పాత మడ మలుపు తిరిగాం. మొదట కనిపించింది ఉత్త ఇసుక మేట. కింద ఎండిపోయిన పుల్లలు. కావేరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంకాస్త ముందుకు నడిచాం.

అక్కడున్నాయి! ఛాతీ ఎత్తున, వరస తప్పకుండా, లేత ఆకులతో తెల్ల మడ. బురదలోంచి శ్వాసవేళ్లు పెన్సిళ్లలా పొడుచుకొచ్చి ఉన్నాయి. ఎవరో ఈల వేశారు. ఒక ముసలమ్మ “ఈ వరస నేను నాటిందే,” అంటే, ఇంకొకామె “కాదు, నాది,” అని తగువు పెట్టుకుంది. కావేరమ్మ ఏడుస్తూ నవ్వింది. నేనూ మోకాళ్ల దాకా బురదలో నిలబడి, పెద్దరికం మరిచి చప్పట్లు కొట్టాను. ముప్పై ఏళ్లు పాఠం చెప్పినా, మొక్కను చూసి ఇంత సంతోషపడింది లేదు.

ఒడ్డుకొచ్చాక నిజం దాచకుండా చెప్పాను. పాత ఫోటోలు చెల్లవు, ఇసుకలో చచ్చినవి లెక్కలోంచి పోతాయి, మళ్లీ తనిఖీ జరిగేదాకా ముద్ర ఆపమని నేనే రాస్తాను. పెద్దాయన తలూపి మళ్లీ డప్పు కొట్టించాడు. దురాయి తిరిగి పెట్టారు, ఈసారి ఒక మాట చేర్చి. తనిఖీకి ఎవరొచ్చినా ఉన్నదే చూపించాలి, చూపించలేకపోతే లేదని చెప్పి పంపాలి.

“ఇది మీక్కూడా మేడమ్. చచ్చినవి చచ్చినాయని, బతికినవి బతికినాయని రాయాల,” అన్నాడు.

తిరుగు రైల్లో అదే ఆలోచన. మేం ముగ్గురం ఎవరికీ ఏమీ కాకుండా ఉండటమే న్యాయమనుకునేదాన్ని. ఆ పాళెం నన్ను కూడా తన కట్టుబాటులో కలుపుకుంది, దానికి నాకు గర్వంగానే ఉంది. మీరు అటు వెళ్తే ఒక్కటి గుర్తుంచుకోండి. పాటు సమయం ముందే అడిగి వెళ్లండి, దురాయి ఉందంటే పాత మడ దగ్గరే ఆగిపోండి. అక్కడి నుంచి కొత్త మొక్కలు కనిపించవు. ఉన్నాయి. నేను చూశాను.