మడమల దగ్గరి వెలుతురు

మా వదిన పోయిందని కుప్పం నుంచి ఫోను వచ్చినప్పుడు నేను పొయ్యి మీద పాలు దించుతున్నాను. కూతురింటికి వెళ్లిన మనిషి, మధ్యాహ్నం అన్నం తిని పడుకుని మళ్లీ లేవలేదట. ప్రయాణానికి బట్టలు సర్దుకోవాలని నడవాలోకి వచ్చాను. అప్పుడే పొద్దు గూకింది. మూసి ఉన్న చిన్నగది తలుపు కింద సన్నని గీతలా వెలుతురు కనబడింది. ఆ గదిలో బల్బు మాడిపోయి చాలా రోజులైంది.

తలుపు తీశాను. కొక్కానికి వేలాడుతున్న వదిన సంచి వెలుగుతోంది.

వదిన మావారి అక్క. పుంగనూరులో ఆడపిల్లల బడిలో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరైంది. ఆదివారాలు బస్సులో మదనపల్లెకు వచ్చి, మా వీధి ఆడవాళ్లను రామసముద్రం దోవలో ఉన్న కొండ ఎక్కించేది. ఎండ తగ్గాక ఎక్కడం, చీకటి పడ్డాక దిగడం. నాకు రేచీకటి. మందులతో పోయేది కాదని కళ్ల డాక్టరు చెప్పాక, దీపాలు పెట్టే వేళకు గడప దాటడం మానుకున్నాను. పెళ్లిళ్లకు కూడా పగలే వెళ్లి అక్షింతలు ఇచ్చి వచ్చేసేదాన్ని.

"పొద్దు గూకితే కోడివైపోతాండావే నువ్వు. గంప కింద దూరేది ఒకటే తక్కువ" అని వదిన నవ్వింది. నవ్వి ఊరుకోలేదు, నన్నూ కొండ ఎక్కిస్తానని పట్టుబట్టింది.

టార్చి తనకు నచ్చలేదు. "సేతిలో ఉంటే సెయ్యి ఆడినట్లల్లా దోవ ఆడతాది" అంది. నిజమే, టార్చి వెలుతురులో నాకు రాళ్లన్నీ కదిలినట్టు ఉండేవి. పూలకుండీల్లో గుచ్చే సోలార్ దీపం ఒకటి కొనుక్కొచ్చి, దాన్ని విప్పి, పైన ఉండే పలకను తన కొండ సంచి మూత మీద పెట్టింది. వాన తగలకుండా చీర కవరు ముక్క దాని మీద వేసి కుట్టించింది. తీగ లోపలి నుంచి దించి, బల్బును సంచి అడుగున బిగించింది. "పగలు ఎండ తాగుతాది. సీకటైతే దానంతటదే ఎలుగుతాది. నువ్వు నా ఎనకాల రావడమే."

మొదటిసారి బల్బు నా మొహంలోకి కొట్టింది. కళ్లు బైర్లు కమ్మి బండ మీద కూలబడి ఏడ్చాను. ఇంక రానన్నాను.  వదిన మా వీధిలో సంచులు కుట్టే సాయిబుల ఆపా దగ్గర కూర్చుని, పాత గొడుగు గుడ్డతో బల్బుకు ముసుగు కుట్టించి, వెలుతురు నేల మీదికి మాత్రమే పడేటట్టు చేసింది.

"నన్ను సూడొద్దు. నా మడమలు సూడు. అవి యాడ పడితే ఆడ అడుగెయ్యి."

బడి నాటి అలవాటు, ఆమె తెల్ల కాన్వాసు బూట్లకు సుద్ద పూసేది. చీకట్లో నాకు మనిషి కనబడేది కాదు. రెండు తెల్లటి మడమలు మాత్రం తమంతట తాము కొండ దిగిపోతుండేవి. మలుపు వస్తే ఆగి, నేలను రెండుసార్లు తట్టేవి. వదిన వెనక్కి మాత్రం తిరిగేది కాదు. "నేను తిరిగితే లైటు తిరుగుతాది, నీకు దోవ పోతాది" అనేది. భయమేసి నేను "వదినా" అని పిలిస్తే, ముందుకే చూస్తూ, "ఉండాను, రా" అనేది. అలా మూడేళ్లు నా సాయంత్రాలు నాకు తిరిగి దొరికాయి.

కుప్పం వెళ్లేముందు, పట్టీ చిరిగిందని సంచి మా ఇంట్లో పెట్టి పోయింది. లెక్క తేలనిది వదిలిపెట్టే అలవాటు నాకు లేదు. కర్మలు అయ్యాక ఆ గదిలో నిలబడి చూశాను. కిటికీ నుంచి సాయంత్రపు ఎండ సరిగ్గా కొక్కం మీదే పడుతోంది. పలక ఎండ తాగింది, చీకటి పడగానే వెలిగింది. అంతా సరిపోయింది. కానీ పలక గోడవైపు ఉండేలా తగిలించానని నాకు బాగా గుర్తు. ఆ రోజు అది కిటికీవైపు ఉంది. ఇంట్లో ఎవరూ ముట్టుకోలేదన్నారు.

మళ్లీ కొండకు పోదామనుకున్నప్పుడు, ఆ సంచి వేసుకుని నా ముందు నడవమని ఎదురింటి అక్కను అడిగాను. "సచ్చిపోయినోళ్ల సంచి నేనెయ్యనమ్మా. ఈపు మీద ఎవురో సెయ్యి పెట్టినట్లుంటాది" అంది. ముందు నడిచే మనిషి లేకపోతే నాకు కొండ లేదు, సాయంత్రం లేదు.

పట్టీ కుట్టిస్తూ ఆపాతో ఆ మాటే చెప్పాను. ఆపా మిషను ఆపి, "అరె, యాల ఒకర్ని బతిమాలేది? నువ్వే ఏసుకో. బిడ్డను ఎత్తుకున్నట్టు ముందుకేసుకో" అంది.

అలాగే వేసుకుని ఆదివారం కొండ ఎక్కాను, ఎదురింటి అక్క నా వెనకాల వచ్చింది. దిగేటప్పుడు నా అడుగుల ముందు నేల మీద పళ్లెమంత వెలుతురు పడింది. అందులో మడమలు లేవు. నా కాలు మాత్రం ప్రతి అడుగుకూ కాస్త ఆగి, వాటికి చోటిచ్చి, తర్వాత పడుతోంది. మలుపు దగ్గర ఆగి రెండుసార్లు నేలను తట్టాను. అప్పుడే వెనక నుంచి "ఏమ్మే, ఉండావా?" అని వినబడింది. అక్క భయపడుతోందనుకుని, తిరగకుండానే "ఉండాను, రా" అన్నాను.

కింద రోడ్డు మీద వీధి దీపం వెలుతురు పలకకు తగలగానే సంచి దీపం ఆరిపోయింది. అక్క వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "ఆడ ఎవురితో మాట్లాడినావే?"

"నువ్వు పిలిస్తివి కదక్కా."

"నేను పిలవలేదమ్మా. నా నోరు పెగిల్తే కదా పిలిచేది."

ఆ తర్వాతి ఆదివారం కూడా వెళ్లాను. వెళ్తూనే ఉన్నాను.

వదిన కూతురు ఆ కాన్వాసు బూట్లు నాకిచ్చింది. వాటికి సుద్ద పూసి చిన్నగది తలుపు లోపల, మడమలు తలుపువైపు ఉండేలా, పక్కపక్కన పెట్టాను. సంచిని ఇప్పుడు పలక కిటికీవైపు ఉండేలా నేనే తగిలిస్తాను. పొద్దు గూకే వేళ నడవాలో లైటు వెయ్యకుండా నిలబడతాను. తలుపు కింద వెలుతురు గీత వస్తుంది. ఆ గీత రెండు చోట్ల తెగి ఉంటుంది, తలుపు అవతల ఎవరో నా వైపు వీపు పెట్టి నిలబడి, నేను బయలుదేరేదాకా ఆగినట్టు.