రెండు చెవుల్లో రెండు పేర్లు

మొన్న పొద్దున మనవడి భార్య పుణె నుంచి ఫోన్ చేసింది. పాపకు పేరు పెట్టాలట, నాలుగు పేర్లు అనుకున్నారట, ఫారం నింపాలి కాబట్టి మధ్యాహ్నంలోగా నా మాట చెప్పాలట. నాలుగింటిలో ఆ పిల్లకు బాగా నచ్చింది రెండు ముక్కల పేరు. ఒక ముక్క మా వైపుది, ఇంకో ముక్క ఆ పిల్ల పుట్టింటి వైపుది, మధ్యలో చిన్న అడ్డగీత. "ఇప్పుడు ఇదే ఫ్యాషన్ నానమ్మా" అంది. సరే, బాగానే ఉందన్నాను. ఫోన్ పెట్టేశాక మాత్రం ఇంట్లో కాలు నిలవలేదు. వంటింట్లోకి వెళ్లి ఎందుకొచ్చానో మరిచిపోయాను, పేపరు తెరిచి అదే వార్త మూడుసార్లు చదివాను. ఆ ఫ్యాషన్ మా ఇంట్లోకి పందొమ్మిది వందల యాభైల్లోనే వచ్చిందని, దానికోసం మా అమ్మ రెండు వారాలు కుదురుగా కూర్చోలేదని ఆ పిల్లకు ఫోన్లో ఎక్కడ చెప్పను?

అప్పుడు మేం సోలాపూర్‌లో, అశోక్ చౌక్ దగ్గర నేతవాళ్ల గల్లీలో ఉండేవాళ్లం. గల్లీలో అంతా తెలుగు, గల్లీ దాటితే మరాఠీ. మాకు రెండు గదులు. ముందు గదిలో నాయిన మగ్గం, వెనక గదిలో పొయ్యి, రెంటికీ నడుమ గడప దగ్గర అమ్మ. ఆమె ఒళ్లో ఎప్పుడూ ఒక చాట ఉండేది, చాటలో కత్తిరించిన తునికాకు, తంబాకు, దారం ఉండ. ఆమె బీడీలు చుడుతుంటే ఆకుల వాసనా, నాయిన మగ్గం మీది గంజి వాసనా కలిసిపోయి, అదే మా ఇంటి వాసన అయింది. ఎదురు వరసలో అప్పటికే సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు దిగాయి. పొద్దున అవి మొదలైతే గోడలు కూడా వణికేవి. ఆ చప్పుడులో పెరగడం వల్ల మా వాళ్ల గొంతులు పెద్దవి. మా ఇంట్లో పప్పులో ఉప్పు సరిపోయిందా అని అడిగినా, కొత్తగా వచ్చినవాళ్లు తగవు జరుగుతోందనుకునేవాళ్లు.

నాకు పదేళ్లు నిండాక చెల్లెలు పుట్టింది. అంతకు ఎనిమిది నెలల ముందే నాయనమ్మ పోయింది. మా దగ్గరే ఉండే మనిషి, పెళ్లికని ఊరికి వెళ్లి అక్కడే కన్నుమూసింది. తంతి అందుకొని నాయిన బండెక్కి చేరేసరికి అంతా అయిపోయిందట. తిరిగి వచ్చాక ఆయన మగ్గం దగ్గర కూర్చుని మధ్యలో ఆపేసేవాడు, పోగును అటూ ఇటూ నడిపే నాడె చేతిలోనే ఉండేది. అందుకని ఆడపిల్ల పుట్టిందనగానే గల్లీ అంతా ఒకటే మాట, ముసలమ్మ మళ్లీ వచ్చిందని. నాయిన ముఖంలో ఎనిమిది నెలల తర్వాత నవ్వు చూశాను. పేరు గురించి ఎవరూ ఎవరినీ అడగలేదు. నాయనమ్మ పేరు నర్సవ్వ. పిల్ల కూడా నర్సవ్వే.

చిక్కు అక్కడే ఉంది. మా వాళ్లలో కోడలు అత్త పేరు పలకకూడదు, మొగుడి పేరు కూడా అంతే. మా అమ్మ ఈ నియమాన్ని ఎంత గట్టిగా పట్టుకుందంటే, నాయనమ్మ పేరును ఆనుకొని ఉన్న మాటలను కూడా నోట్లోకి రానిచ్చేది కాదు. నరసింహస్వామికి మొక్కుకోవాలంటే "గుట్ట మీది సామీ" అని మొక్కుకునేది. కాన్పుల దవాఖానలో నర్సును పిలవాల్సి వచ్చి, నొప్పుల మధ్య కూడా "ఓ తెల్లచీర బాయీ" అని అరిచిందట. ఆ నర్సు మరాఠీ ఆమె. తెల్లచీర బాయి అంటే ఏమిటో ఎవరో చెప్పాక, ఉన్న నాలుగు రోజులూ మా అమ్మను చూసినప్పుడల్లా నవ్వుకుంటూ పోయేది.

ఇంటికి వచ్చిన మూడో రోజు నుంచి అమ్మకు కుదురు పోయింది. చెవుల్లో దూది, తలకు గుడ్డ కట్టుకున్న బాలింత మంచం మీద పడుకోకుండా లేచి తిరిగేది. చాట ఒళ్లో పెట్టుకుంటే నాలుగు బీడీలు చుట్టి కింద పెట్టేది, వాటిలో రెండు ఊడిపోయేవి. పిల్లను ఎత్తుకొని ముఖంలోకి చూసేది, నోరు తెరిచేది, మళ్లీ మూసేసేది. ఒకనాడు నన్ను దగ్గరికి పిలిచి గుసగుసగా చెప్పింది.

"గల్లీ చివర నల్లా కాడ నిలబడు. నేను ఈడికెల్లి ఒక పేరు పిలుస్త. ఇనపడితే చెయ్యెత్తు. ఇనపడకుంటే ఎత్తకు. నాయినకు చెప్పకు."

సాంచాలు నడుస్తున్నప్పుడే ఈ పరీక్ష. పిల్ల పెద్దదై గల్లీలో ఆడుకుంటుంటే గడపలో నిలబడి పిలిచే పేరు అది, చప్పుడు దాటి చేరకపోతే ఎందుకని అమ్మ లెక్క. మొదటి రోజు శకుంతల అని పిలిచింది. నాకు చివరి ల తప్ప ఏమీ అందలేదు. విమల అసలు బయల్దేరనే లేదు. సుమిత్ర రెండో సాంచా దగ్గర ఆగిపోయింది. నేను నల్లా దగ్గర చేతులు కిందికి వేసి నిలబడితే, నీళ్లకొచ్చిన ఆడవాళ్లు ఎవరిమీద అలిగావే అని అడిగేవాళ్లు. ఎదురింటి చిన్నమ్మ మాత్రం అమ్మనే పట్టుకుంది.

"బాలింతరాలివి, గడపల నిలబడి గాలికి ఒర్రుతున్నవ్. దిమాక్ గిట్ల ఖరాబైందా ఏంది?"

"గొంతు పట్టేసింది చిన్నమ్మా, సాపు చేసుకుంటున్న" అంది అమ్మ.

ఆరో రోజో ఏడో రోజో "తారా" అని పిలిచింది. సాంచాలన్నిటి మీదుగా, నల్లా కింద బిందెలో పడుతున్న నీళ్ల మీదుగా, ఆ పేరు చెక్కు చెదరకుండా వచ్చింది. నేను రెండు చేతులూ ఎత్తాను. అమ్మ లోపలికి వెళ్లి చాలాసేపు బయటికి రాలేదు.

పేరు దొరికింది గానీ నెమ్మది దొరకలేదు. దాన్ని నాయినకు చెప్పేదెలా? పిల్ల పుట్టిన పద్దెనిమిదో రోజు అన్నం పెడుతూ చెప్పింది. నాయిన ముద్ద చేతిలోనే ఉంచుకున్నాడు.

"అమ్మ పేరు కాకుంటే ఇంకెవలి పేరు పెడతం?" అన్నాడు.

"అత్తమ్మ పేరు వద్దంటలేను. ఆ పేరుతోని అందరు పిలుస్తరు. మీరు పిలుస్తరు, గల్లీ పిలుస్తది. నేనేమని పిలువాలె?"

"బిడ్డా అను. అమ్మా అను. ఏదో ఒకటి అను."

"అన్నీ అంట. పేరే అనరాదు."

నాయినకు కోపం రాలేదు. వస్తే బాగుండేదేమో, ఏదో ఒకటి తేలేది. ఆయన కంచం ముందు నుంచి లేచి మగ్గంలో కూర్చున్నాడు, నేయలేదు. ఇద్దరిలో ఎవరు న్యాయంగా మాట్లాడుతున్నారో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు. ఆ రెండు రోజులు నేను కూడా ఆ గదిలోంచి ఈ గదిలోకి, ఈ గదిలోంచి ఆ గదిలోకి తిరుగుతూనే ఉన్నాను.

పేరు పెట్టే హక్కు మేనత్తది. నాయినకు అక్క ఆమె, భీవండిలో ఉండేది. మనిషి బారుగా, మాట ఇంకా బారుగా ఉండేది. ఇరవయ్యో రోజు రైలు దిగి, ఇంట్లో అడుగు పెడుతూనే పిల్లను ఎత్తుకొని "వచ్చినవా అవ్వా" అని ఏడ్చింది. అమ్మ ముఖం చూసి ఇక అయిపోయిందనుకున్నాను.

మర్నాడు తొట్టెల, అంటే పిల్లను ఊయలలో వేసి పేరు పెట్టే పండుగ. మగ్గం పైన దూలానికి కట్టిన చీర తొట్టెలో పిల్లను పడుకోబెట్టారు. గల్లీ ఆడవాళ్లంతా వచ్చారు. మేనత్త వంగి పిల్ల కుడి చెవిలో మూడుసార్లు "నర్సవ్వ" అంది. ఆ తర్వాత ఒక్కొక్కరూ తాడు పట్టి ఊపుతూ ఆ పేరు పలకాలి. చిన్నమ్మ పలికింది, పక్కింటివాళ్లు పలికారు, నేనూ పలికాను. చివరికి తాడు అమ్మ చేతికి వచ్చింది. అమ్మ తాడు పట్టుకొని నిలబడింది. నోరు తెరుచుకుంది గానీ మాట లేదు.

చిన్నమ్మ కిసుక్కున నవ్వింది. "అత్త పేరు కోడలెట్ల తీస్తది? ఓ పిల్లా అనుకో, అయిపాయె."

ఆడవాళ్లంతా నవ్వారు. మేనత్త నవ్వలేదు. పీట మీద కూలబడి చెంగుతో మెడ తుడుచుకుంది.

"నవ్వకురి" అంది. "నా బిడ్డకు మా అత్త పేరు పెట్టిన్రు. ఓ యేడు గీ సోలాపూర్లనే, సిద్ధేశ్వరుని జాతరల నా చెయ్యిడిసి తప్పిపోయింది. నాలుగేండ్ల పిల్ల. ఏమని పిలువాలె? నోరు రాదు. ఓ పిల్లా, ఓ పిల్లా అని ఒర్రిన. జాతరల ఆడపిల్లలందరు నా దిక్కే తిరిగి చూసిన్రు. నా పిల్ల తప్ప."

"దొరికిందా వదినె?" అని అడిగింది అమ్మ. ఆ ఇంటికి కోడలై పన్నెండేళ్లయినా ఆ సంగతి ఆమెకు తెలియదు.

"దొరికింది. పొద్దుగూకినంక పోలీసు తెచ్చిచ్చిండు. ఆయన పేరు పెట్టి పిలిస్తే పలికిందట. పోయినేడు లగ్గం చేసి పంపిన. ఇంట్ల ఉన్నన్ని దినాలు ఒక్కసారన్న దాని పేరు నా నోట్లకెల్లి రాలే." అమ్మ వైపు తిరిగింది. "నీ మనసుల ఏం పేరున్నది మరదలా?"

"తార" అంది అమ్మ.

మేనత్త లేచింది. తొట్టెలో చెయ్యి పెట్టి పిల్ల తలను మెల్లగా అటు తిప్పింది. ఎడమ చెవి దగ్గర వంగి ఆ పేరూ మూడుసార్లు చెప్పింది. ఒక పిల్లకు రెండు చెవుల్లో రెండు పేర్లు చెప్పడం ఎవరూ చూసి ఎరగరు. మగ్గం స్తంభానికి ఆనుకొని ఉన్న నాయిన ఒక్కటే అడిగాడు.

"అమ్మ పేరు ముందుంటదా అక్కా?"

"ముందుంటది."

ఆయన తల ఊపి బయటికి వెళ్లాడు. తర్వాత జనన నమోదు కోసం ఆఫీసుకు వెళ్లినప్పుడు అక్కడి మరాఠీ గుమాస్తా రెండు పేర్లేమిటని విసుక్కుంటే, నడుమ ఒక గీత గీయమని నాయినే చెప్పాడట. అలా మా చెల్లెలు నర్సవ్వ-తార అయింది. బడిలో మొదటిరోజు మాస్టారు రెండో పిల్ల ఏదని బెంచీల కింద కూడా వెతికాడని అది ఇప్పటికీ చెప్పుకొని నవ్వుతుంది.

తొట్టెల రోజు సాయంత్రం ఇంకొకటి జరిగింది. చుట్టాలు భోజనాలు చేసి వెళ్లాక అమ్మ గడపలోకి వచ్చి, సాంచాల చప్పుడుకు ఎదురుగా నిలబడి, "తారా" అని గట్టిగా పిలిచింది. చిన్నమ్మ తలుపు తీసి చూసింది.

"పిల్ల ఇంట్లనే ఉన్నది గదా, ఎవల్ని పిలుస్తున్నవ్?"

"ఎవల్ని లేదు. పిలుస్తున్న" అంది అమ్మ. మళ్లీ పిలిచింది. ఆ రోజు ఆమె ఎన్నిసార్లు పిలిచిందో నేను లెక్కపెట్టలేదు.

నాయిన బతికినంతకాలం చెల్లెల్ని నర్సవ్వా అనే పిలిచాడు, మేనత్తా అంతే. వాళ్లు పోయాక ఆ ముక్కను పలికేవాళ్లు లేరు. రెండో ముక్క అమ్మది, అమ్మ తర్వాత నాకు మిగిలింది. చెల్లెలు ఇప్పుడు సోలాపూర్‌లోనే నీలం నగర్‌లో కొడుకు దగ్గర ఉంది. ఇంట్లో వాళ్లకు అది అమ్మ, అత్తమ్మ, నానమ్మ, వీధిలో మరాఠీ వాళ్లకు మావుషి, అంటే పిన్ని. పేరు పెట్టి పిలిచేదాన్ని నేనొక్కదాన్నే. పొద్దున్నే ఫోన్ చేసి "తారా" అంటాను. "ఆ, చెప్పక్కా" అంటుంది. చెప్పడానికి ఏమీ ఉండదు. ఆలస్యమైతే తనే చేసి, ఇవాళ పిలవలేదేమని అడుగుతుంది. సాంచాల చప్పుడులో అమ్మ వెతికి తెచ్చిన పేరును పలకడానికి ఇప్పుడు ఒక్క నోరు మిగిలింది. ఇవాళ్టికి పిలిచాను.