పచ్చ రెక్కల ఫ్యాను

కొత్త బైకును మొదటి సర్వీసుకు షోరూంలో వదిలి, హోసూరులో కృష్ణగిరి బస్సెక్కాను. పక్కన కూర్చున్న పెద్దాయన ఒళ్లో టేబుల్ ఫ్యాను పెట్టె ఉంది. దాని మీద పచ్చ రెక్కల ఫ్యాను బొమ్మ.

"కొన్నారా?" అని అడిగాను.

"లేదప్పా. మా తమ్ముడు బైకు తీసుకున్నాడు. నేను పిలుచుకొని పోయినానని షోరూం వాళ్లు ఇచ్చినారు."

ఏ షోరూమని అడిగితే, ఆయన చెప్పింది నేను బైకు కొన్న షోరూమే.

"ఊరికే ఇచ్చారా?"

"ఊరికే యాడ ఇస్తారప్పా? బిల్లులో హ్యాండ్లింగ్ చార్జి అని వేస్తారు కదా, ఆ దుడ్డులోదే ఇది. తమ్మునికి చెప్పద్దన్నారు."

నా బిల్లులోనూ ఆ చార్జీ ఉంది. బైకు కొన్న రోజు అదేమిటని నేను అడగబోతే, బేరిగై నుంచి నాకు తోడు వచ్చిన చిన్ననాటి స్నేహితుడు భుజం నొక్కాడు. "అందరికీ వేసేదే రా అది, అడిగితే బాగుండదు" అన్నాడు. ఆ పూట వాడికి టిఫిను కూడా నేనే పెట్టించాను. తర్వాత వాడింట్లో కొత్తగా పచ్చ రెక్కల ఫ్యాను కనిపించింది. మామ ఇచ్చినాడన్నాడు.

"కొంచెం పట్టుకోప్పా" అని పెద్దాయన పెట్టె నా ఒళ్లో పెట్టి కునుకు తీశాడు. ఆయన శూలగిరిలో దిగేదాకా దాన్ని పట్టుకునే కూర్చున్నాను.

ఆ ఎండాకాలం వాడింటికి వెళితే, ఎప్పటిలాగే ఫ్యాను నావైపు తిప్పాడు. నేను కుర్చీ పక్కకు జరుపుకున్నాను.

"చెమట కారతా ఉంది కదరా, గాలికి రా" అన్నాడు.

"జలుబు" అన్నాను.