ఆడవాళ్ళ లైను

ముప్పై ఏళ్ళ క్రితం మాట. తెడ్డుతో కొట్టి చెయ్యి విరగ్గొట్టాడని మా ఆయన మీద కేసు పెట్టాను. మేముండేది అండమాన్‌లో ఒక చిన్న దీవి. కోర్టు పోర్ట్ బ్లెయిర్‌లో. రోజుకి ఒకటే బోటు కాబట్టి, కొట్టినవాడూ దెబ్బలు తిన్నదీ కలిసే వాయిదాకి వెళ్ళాలి!

ఆ ఉదయం మా జెట్టీలో టికెట్లకి మగవాళ్ళ లైను చాంతాడంత ఉంది. ఆడవాళ్ళం నలుగురమే. మా ఆయన దర్జాగా వచ్చి, "ఒసే, నాది కూడా తీసీ. బోటు తప్పితే జడ్జిగారు ఊరుకోరు" అన్నాడు. అలవాటు కొద్దీ తీశాను.

కోర్టులో ఆయన వకీలు, "ఈయన టికెట్ ఎవరు కొన్నారమ్మా?" అనడిగాడు.

"నేనేనండీ."

జడ్జిగారు నా చేతి కట్టుకేసి చూడనైనా చూడకుండా నవ్వేశారు. "దేఖో బేటీ, కలిసి వచ్చారు, కలిసే వెళ్ళండి. సంసారమన్నాక సర్దుకుపోవాలి" అని వాయిదా వేశారు.

సాయంత్రం పోర్ట్ బ్లెయిర్‌లోని ఫీనిక్స్ బే జెట్టీలోనూ అవే లైన్లు. ఆయన మళ్ళీ నా వెనకాలే చేరాడు. "నాదీ తీసీ. జడ్జిగారు సెప్పారు కదేటి?"

"కిత్నా, దీదీ?" అని ఎన్ని టికెట్లో అడిగాడు కౌంటర్లో గుమాస్తా.

"ఏక్" అన్నాను.

బోటు కదిలేటప్పటికి ఆయన మగవాళ్ళ లైను చివర్లో నిలబడి నన్ను తిడుతున్నాడు. ఇంజను హోరులో ఒక్క ముక్క వినబడలేదు.

కోర్టు మాకు విడాకులివ్వడానికి ఏళ్ళు పట్టింది. టికెట్ కౌంటరు మాత్రం ఆ సాయంత్రమే ఇచ్చేసింది.