మా మేనత్త అద్దిన దుప్పటి

నా చిన్నప్పుడు, తొమ్మిదేళ్ళు నిండీ నిండని వేసవిలో, మా మేనత్త మూడేళ్ళ కష్టాన్ని చేతులారా కాలువపాలు చేశాను. మా పిల్లలకు ఈ సంగతి ఇప్పటిదాకా చెప్పలేదు. గొప్పగా చెప్పుకోవడానికి ఏముంది గనక.

మాది బందరు దగ్గర కాలువ గట్టున ఉన్న ఊరు. ఊళ్ళో సగం ఇళ్ళు అద్దకం పని మీదే బతికేవి. చెక్క అచ్చులతో గుడ్డల మీద పువ్వులూ లతలూ అద్దే పని అది. బల్ల దగ్గర నిలబడి అచ్చు వేసేది మగవాళ్ళు. గుడ్డలకు పట్టించే కరక్కాయలు దంచడం, గుడ్డలు ఉతకడం, ఎండేయడం, పొయ్యిలోకి పుల్లలు ఎగదోయడం ఆడవాళ్ళ వంతు. అది ఎవరు పెట్టిన రివాజో నాకు తెలియదు. దాన్ని కాదన్న మనిషిని మాత్రం ఒక్కరినే చూశాను, ఆవిడే మా మేనత్త.

గుడివాడలో కాపురం చెడి ఇరవై ఆరేళ్ళకే మా ఇంటికి వచ్చేసింది. వచ్చిన నెలలోనే అద్దకం కార్ఖానాలో ఉతుకు పనికి కుదిరింది. ఉతుకుతున్నంతసేపూ ఆవిడ చూపు బల్లల మీదే ఉండేదట. ఎలాగైనా అద్దకం నేర్చుకోవాలి, బల్ల దగ్గర నిలబడాలి, అదొక్కటే పట్టు. అచ్చులు చెక్కే సాయిబు గారు మా వీధిలోనే ఉండేవారు. ఆయన్ని బతిమాలి, అంచులు అరిగి మూల పడేసిన అచ్చులు నాలుగు తెచ్చుకుంది. పని నుంచి వచ్చి, ఇంత అన్నం తిని, పాత చీర ముక్కలు పరుచుకుని కూర్చునేది. మూడేళ్ళపాటు అదే పని. పెళ్ళికి పిలిస్తే వెళ్ళదు, తిరనాళ్ళకు రమ్మంటే రాదు. మా నాయనమ్మ నోటికొచ్చినట్టు తిట్టేది, ఇరుగుపొరుగు వాళ్ళు మొహం మీదే నవ్వేవాళ్ళు. అచ్చు ఆనించి, ఊపిరి బిగబట్టి, గుప్పిటతో ఒక్క దెబ్బ వేసేది. వెంట్రుకవాసి జరిగితే చాలు, ఆ గుడ్డ అవతల పెట్టేసి మళ్ళీ మొదటికొచ్చేది. పక్కన కూర్చుని చూస్తున్న నాకే విసుగొచ్చేది గానీ ఆవిడకు రాలేదు.

చివరికి కార్ఖానా యజమాని కొంచెం మెత్తబడ్డాడు. ఒక దుప్పటి మొదటినుంచి చివరిదాకా నువ్వే చేసుకురా, ఎరుపు శుభ్రంగా నిలిస్తే బల్ల ఇస్తాను అన్నాడు. నవ్వులాటకే అన్నాడేమో. మా అత్తయ్య నవ్వులాటగా తీసుకోలేదు.

ఎరుపు అద్దడంలో ఒక చిక్కుంది. అచ్చుతో వేసేది పటిక కలిపిన జిగురు, అది గుడ్డ మీద కనపడీ కనపడనట్టు ఉంటుంది. బాగా ఆరాక గుడ్డను పారే నీళ్ళలో మడత పడకుండా పరిచి పట్టుకోవాలి. ఎక్కువైన పటిక నీళ్ళలో కొట్టుకుపోతుంది. ఆ తర్వాత రంగునిచ్చే చెట్టు వేళ్ళు వేసి ఉడికిస్తే పటిక ఉన్నచోటల్లా ఎరుపు తేలుతుంది. నీళ్ళలో మడత పడితే మాత్రం పటిక పక్కకు అంటుకుంటుంది. అంటుకున్న సంగతి అప్పుడు ఎవరికీ తెలియదు, ఉడికాకే బయటపడుతుంది. పైగా వేసవిలో కాలువ కట్టేస్తారు. కట్టేస్తే మళ్ళీ జూన్ దాకా పారే నీళ్ళు ఉండవు. మా అత్తయ్య దుప్పటి అద్దడం పూర్తయి, ఆరేసరికి కాలువ కట్టేయడానికి రెండు రోజులే మిగిలాయి.

ఆ పొద్దున నన్ను తోడు తీసుకెళ్ళింది. చాలాసేపు తనే నడుములోతు నీళ్ళలో నిలబడి దుప్పటి పట్టుకుంది. ఇంకాస్త ఉంటే సరిపోతుందనగా, నన్ను మోకాటిలోతులోకి పిలిచి రెండు కొసలూ నా చేతుల్లో పెట్టింది. "గంగాళం కింద పొయ్యి రాజేసి వస్తాను తల్లీ. ఈ కాసేపూ గుడ్డ వంకే చూడు, ఇంకెటూ చూడకు" అంది. సరేనన్నాను. నాకూ అప్పుడు ఏదో పెద్ద పని చేస్తున్నానన్న గీర.

గట్టు మీద మా బళ్ళో పిల్ల ఒకతె ముంజెలు తింటూ పోతోంది. నన్ను చూసి ఆగింది. ఇదిగోనే అంటూ ఒక ముంజె విసిరింది. నేను కుడిచేతి కొస వదిలి ముంజె పట్టుకున్నాను.

అంతే జరిగింది. కళ్ళు మూసి తెరిచేంతలో దుప్పటి తన మీద తనే చుట్టుకుంది. ముంజె నోట్లో వేసుకుని, గబగబా విడదీసి, మళ్ళీ సాపు చేశాను. చూస్తే గుడ్డ ఎప్పటిలాగే ఉంది, ఏ మరకా లేదు. ఏమీ కాలేదులే అనుకున్నాను. అత్తయ్య వచ్చి నా తల నిమిరి దుప్పటి తీసుకుంది. అప్పుడైనా చెప్పి ఉంటే మళ్ళీ నీళ్ళలో జాడించి కొంతైనా పోగొట్టేదేమో. నేను నోరు విప్పలేదు.

గంగాళంలోంచి కర్రతో పైకెత్తేసరికి, దుప్పటి నడిమధ్య కుంకుమ నీళ్ళు ఒలికినట్టు పెద్ద మరక. మిగతా పువ్వులన్నీ ఎంత చక్కగా తేలాయో చెప్పలేను. అందుకే ఆ మరక ఇంకా ఘోరంగా కనపడింది. అత్తయ్య నన్ను ఏమీ అడగలేదు. పొయ్యిలో పుల్లలు ఒక్కొక్కటే బయటికి లాగి నీళ్ళు చల్లింది.

మర్నాడు ఆ దుప్పటి పట్టుకుని యజమాని దగ్గరికి వెళ్ళింది, జూన్ దాకా గడువు అడుగుదామని. నేనూ వెంట వెళ్ళాను. ఆయన దుప్పటి విప్పించి చూసి, ఏమైందమ్మా అన్నాడు. అత్తయ్య ముందు నా వంక చూసి, ఆపైన ఆయనకు చెప్పింది.

"నా చెయ్యే జారిందండి మావయ్య గారూ. కాలువ వదిలాక ఇంకోటి చేసి తెస్తాను."

"చెయ్యి నిలవని మనిషికి బల్ల ఎట్లా ఇస్తానమ్మా. ఉతుకు పని ఉంది కదా, అది చేసుకో."

నేను అత్తయ్య చీర కుచ్చిళ్ళు పట్టుకుని నేల చూపులు చూస్తున్నాను. నేను నిజం చెప్పి ఉంటే ఆయన బల్ల ఇచ్చేవాడో లేదో ఆ దేవుడికే తెలియాలి. ఆ చెడ్డపేరు మాత్రం ఆవిడకు వచ్చేది కాదు. చెయ్యి నిలవని మనిషి అన్న మాట ఊరంతా పాకింది.

జూన్‌లో నీళ్ళొచ్చాయి. ఆవిడ రెండో దుప్పటి చేసింది, మచ్చుకైనా మరక లేకుండా. యజమాని దాన్ని వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు. బల్ల తన బావమరిది కొడుక్కి ఇచ్చేశానన్నాడు. ఆ తర్వాత కూడా ఏటేటా కాలువ కట్టే ముందు ఒక దుప్పటి చేసి ఆయనకు చూపించి వచ్చేది. పదకొండేళ్ళు చూపించింది. కళ్ళు మసకబారాక మానేసింది. ఆవిడ ఒక్కరోజు కూడా ఆ బల్ల దగ్గర నిలబడలేదు.

మా మనవరాలు పరీక్షల ముందు ఫోన్‌లో ఎవరిదో ప్రసంగం పెట్టుకుని వింటూ ఉంటుంది. గురి చెదరకపోతే కోరుకున్నది దక్కి తీరుతుందట. వింటుంటే నాకు ఒళ్ళు మండుతుంది. మా అత్తయ్య గురి ఎన్నడూ చెదరలేదు. చెదిరింది నాది, పోయింది ఆవిడది. ఈ లెక్కన ఒక మనిషికి తన పట్టుదల ఒక్కటే ఎలా సరిపోతుందో ఆ ప్రసంగం చేసే అబ్బాయిని అడగాలనిపిస్తుంది.

ఆవిడ చివరి రోజుల్లో బందరు ఆసుపత్రిలో పక్కన కూర్చుని, ఆ రోజు కొస వదిలింది నేనే అత్తయ్యా అని చెప్పాను. నలభై ఏళ్ళు ఆగి చెప్పాను, సిగ్గు లేకుండా. ఆవిడ కళ్ళు తెరవలేదు.

"తెలుసులేవే. నువ్వు చెబుతావేమోనని ఆ రోజు యజమాని ముందు కాసేపు చూశాను" అంది.

నా వయసు ఇప్పుడు డెబ్బై దాటింది. ఆ కాసేపట్లోంచి నేను ఇంకా బయటికి రాలేదు.